శ్రుతివాక్యముల పరస్పరవిరోధము: ఉదితానుదిత హోమవిచారము

వేదవాక్యములకు పరస్పరవిరోధము కలదను ఆక్షేపమును పాశ్చాత్య పండితులే మొట్టమొదట లేవదీసిరని తలచువారు మనలో ఇప్పటికిని కలరు. ఆ తలంపు సరికాదు. వేదప్రామాణ్యము నంగీకరించిన గౌతముడే తన న్యాయసూత్రములందు, రెండవ యధ్యాయమున, దానిని పూర్వపక్షముగా నిలిపినాడు. అనృతము, వ్యాఘాతము, పునరుక్తి అను మూడు దోషములు కానవచ్చుచున్నవి గనుక వేదము ప్రమాణము కాజాలదని పూర్వపక్షి వాదము. వీనిలో వ్యాఘాతమే మాకిచట ప్రస్తుతము.

వాత్స్యాయనుడు భాష్యమున దీనికి చూపిన యుదాహరణము అగ్నిహోత్రమునకు సంబంధించినది. సూర్యుడుదయించిన పిదప హోమము చేయవలెనని యొక విధి. ఉదయింపకమునుపే చేయవలెనని మరియొక విధి. నక్షత్రములు మాసి సూర్యుడింకను కానరాని సంధివేళ చేయవలెనని మూడవది. ఇంతటితో ముగిసినచో చిక్కు స్వల్పమే. కాని ఉదయానంతరము వేల్చినవాని యాహుతిని శ్యావమను కుక్కయు, ఉదయమునకు ముందు వేల్చినవాని దానిని శబలమను కుక్కయు, సంధివేళ వేల్చినవాని దానిని రెండును తినివేయునని నిందావాక్యములును కలవు. మూడు కాలములును విహితములే, మూడును నిందితములే. ఇక హోమము చేయుటెప్పుడు?

ఒక కాలము నంగీకరించి, పిదప దానిని విడిచి వేరొక కాలమున వేల్చువానికే యీ నింద యని గౌతముని సమాధానము. విధికి విషయమైనవాడు వేరు, నిందకు విషయమైనవాడు వేరు. మీమాంసకుల మార్గమింకొకటి. నిందావాక్యము నిందించుటకై పుట్టినది కాదు, విహితమైన పక్షాంతరమును స్తుతించుటకై పుట్టినదని వారందురు. ఈ రెంటిలో మీమాంసకుల సమాధానమే మాకు బలవత్తరముగా తోచుచున్నది. ఏలయన, అంగీకరించి విడుచుట యను విశేషణము నిందావాక్యమున లేదు. నైయాయికుడు దానిని వెలుపలినుండి తెచ్చుకొనవలసివచ్చినది. మీమాంసకుడు ఏ పదమును చేర్చలేదు. అయితే అతని యుపాయమునందును అపాయము లేకపోలేదు. అదుపు లేక వాడినచో రుచింపని ప్రతివాక్యమును అర్థవాదమని త్రోసివేయుటకు అది దారితీయును.

నిందలు పోయినను విధులు నిలిచియే యున్నవి గనుక వికల్పము తప్పదు. కాని మీమాంసకులు వికల్పమును సులభముగా నొప్పుకొనువారు కారు. దానియం దెనిమిది దోషములు కలవని వారి గణన. వ్రీహులతోనైనను యవలతోనైనను యాగము చేయవచ్చునన్నచో, వ్రీహులను గ్రహించినపుడు యవవాక్యమునకు గల ప్రామాణ్యమును విడువవలెను, లేని యప్రామాణ్యమును కల్పింపవలెను. పిదప యవలను గ్రహించునపుడు విడిచిన ప్రామాణ్యమును మరల చేపట్టవలెను, కల్పించిన యప్రామాణ్యమును త్రోసివేయవలెను. వ్రీహివాక్యమునకును ఇట్టివే నాలుగు. ఇన్ని దోషము లెరిగియు, అతిరాత్రమున షోడశిపాత్రను గ్రహింపవలెనను వాక్యమును, గ్రహింపరాదను వాక్యమును ఎదురెదురుగా నిలిచినపుడు వారు వికల్పమునే యంగీకరించిరి. సమన్వయము కుదరనిచోట కుదిరినట్లు నటింపకపోవుట ఆ శాస్త్రమునకు వన్నె తెచ్చినది.

శ్రుతిస్మృతుల విరోధమున సంగతి మారును. సదస్సునందు నిలిపిన మేడికొయ్య స్తంభము ఔదుంబరి. దానిని తాకి ఉద్గాత గానము చేయవలెనని శ్రుతి. దానిని పూర్తిగా వస్త్రముతో చుట్టవలెనని స్మృతి. చుట్టినదానిని తాకుట యెట్లు? శబరస్వామి ఆ స్మృతిని అప్రమాణమనెను. అంతటితో నాగక, వస్త్రమునందలి లోభముచే నెవరో దానిని కల్పించియుందురని హేతువును కూడ చూపెను. పాఠమున విరోధము కనబడినంతనే ప్రక్షిప్తమని తీర్మానించు నేటి పరిశోధక విద్యార్థులకు ఈ తీర్పు మిక్కిలి రుచించును. అట్టివారు శబరభాష్యముతో నాగక తంత్రవార్తికమును గూడ చూడవలెనని మా మనవి. అందు కుమారిలభట్టు, కొంత భాగము విడిచి చుట్టినచో స్పర్శకు అడ్డులేదనియు, విరోధమే లేనిచోట లోభమును కల్పింప పనిలేదనియు వాదించి, ఆ స్మృతికి మూలమైన వాక్యము శాట్యాయని బ్రాహ్మణమున కలదని చూపినాడు.