మైనస్ 1 కి రూట్ ఉందా? సంకీర్ణ సంఖ్యలు మొదటి నుంచి

ఈ రోజు సంకీర్ణ సంఖ్యలు, అదే, కాంప్లెక్స్ నంబర్స్ గురించి మాట్లాడుకుందాం. మన దగ్గర చాలా ఏళ్లు ఇంటర్ సెకండ్ ఇయర్ 2ఏ లో ఇదే మొదటి చాప్టర్‌గా ఉండేది. నేను చదివినప్పుడు మా లెక్చరర్ గారు బోర్డు మీద ఐ² = −1 అని రాసి, "ఇది ఇంతే, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం. మార్కులు కూడా వచ్చాయి. కానీ "లేని నంబర్‌తో ఇన్ని లెక్కలు ఎందుకు చేశాం?" అనే డౌట్ మాత్రం అలాగే ఉండిపోయింది. మీకూ ఆ డౌట్ ఉంటే ఈ ఎపిసోడ్ మీ కోసమే.

ముందు ఒక మాట. ఈ డౌట్ మనకొక్కరికే రాలేదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో, రుణ సంఖ్య ఏ సంఖ్యకీ వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని స్పష్టంగా చెప్పాడు. (మన పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే.) ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. ప్లస్‌ని ప్లస్‌తో గుణిస్తే ప్లస్, మైనస్‌ని మైనస్‌తో గుణించినా ప్లస్సే. మరి మైనస్ ఎక్కడి నుంచి వస్తుంది?

1545లో ఇటలీలో కార్డానో ఒక చిన్న లెక్క వేశాడు. 10 ని రెండు ముక్కలు చేయాలి, వాటిని గుణిస్తే 40 రావాలి. ప్రయత్నించండి. 5, 5 చేసినా 25 దాటదు. ఫార్ములా పెడితే జవాబు 5 + √−15, 5 − √−15 అని వస్తుంది. కలిపితే 10, గుణిస్తే 25 + 15, అంటే 40. లెక్క సరిపోయింది! అయినా ఇది ఎందుకూ పనికిరాదు అన్నట్టు రాసి వదిలేశాడాయన.

అసలు మలుపు 1572లో వచ్చింది. బొంబెల్లి అనే ఇంకో ఇటలీ ఆయన ఎక్స్³ = 15ఎక్స్ + 4 అనే సమీకరణం తీసుకున్నాడు. దీనికి జవాబు 4 అని ఎవరైనా చెక్ చేయొచ్చు, 64 = 60 + 4. కానీ ఫార్ములాలో పెడితే 2 + √−121, 2 − √−121 ల ఘనమూలాలు కలపమంటుంది. జవాబేమో మామూలు 4, దారిలో మాత్రం రూట్ మైనస్ 121! బొంబెల్లి భయపడకుండా గుణించి చూశాడు. మన భాషలో చెప్పాలంటే (2 + ఐ)³ = 2 + 11ఐ. అంటే మొదటి ఘనమూలం 2 + ఐ, రెండోది 2 − ఐ. కలపండి. ఐ లు కొట్టుకుపోయి 4 మిగిలింది. "లేని" నంబర్ల మీదుగా వెళ్తే నిజమైన జవాబు వచ్చిందన్నమాట. నా దృష్టిలో ఈ చాప్టర్ ఇక్కడ మొదలుపెట్టాలి.

సరే, లెక్కలు చూద్దాం. సంకీర్ణ సంఖ్య అంటే రెండు భాగాలు: 3 + 2ఐ లో 3 వాస్తవ భాగం, 2 కల్పిత భాగం. కూడిక, తీసివేత ఏముంది, దేనికది కలపడమే. గుణకారం మామూలు బ్రాకెట్లు విప్పడమే, ఐ² వచ్చిన చోట −1 పెట్టాలి, అంతే. (3 + ఐ)(2 + ఐ) = 6 + 3ఐ + 2ఐ + ఐ² = 5 + 5ఐ.

భాగహారం దగ్గరే చాలామంది ఆగిపోతారు. (5 + 5ఐ) ని (2 + ఐ) తో భాగించాలి. కింద ఐ ఉంటే ఎలా? కింద ఉన్నదానికి సంయుగ్మం, అంటే గుర్తు మార్చిన 2 − ఐ తో, పైనా కిందా గుణించండి. కింద 4 + 1 = 5 అయిపోతుంది. పైన 15 + 5ఐ వస్తుంది. జవాబు 3 + ఐ. ఇందాక గుణించింది వెనక్కి వచ్చింది చూశారా!

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. √−4 × √−9 ఎంత? లోపల గుణించేసి √36 = 6 అంటే తప్పు. ముందు 2ఐ, 3ఐ అని రాయండి, అప్పుడు 6ఐ², అంటే −6. రూట్లు కలిపే ఆ రూల్ రెండూ మైనస్ అయినప్పుడు పనిచేయదు. ఎగ్జామ్‌లో బిట్ పోయేది ఇక్కడే.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. గ్యాలరీలో ఒక ఫొటో ఓపెన్ చేసి, రొటేట్ ఒకసారి నొక్కండి. 90 డిగ్రీలు తిరిగింది. ఇంకోసారి నొక్కితే తలకిందులైంది. ఫొటో మధ్యలో సున్నా ఉందనుకుంటే, తలకిందులవడం అంటే ప్రతి బిందువునీ −1 తో గుణించడం. మరి రెండుసార్లు చేస్తే −1 అయ్యే పని ఏంటి? 90 డిగ్రీల తిప్పుడు. అదే ఐ! 3 + 2ఐ ని ఐ తో గుణిస్తే −2 + 3ఐ. గ్రాఫ్ పేపర్ మీద పెట్టి చూడండి, సరిగ్గా ఎడమ వైపుకి 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. నాలుగుసార్లు తిప్పితే మొదటికే వస్తాం కాబట్టి ఐ⁴ = 1. ఇది తెలిస్తే ఐ²⁰²³ కూడా నోటి లెక్కే: 2023 ని 4 తో భాగిస్తే శేషం 3, కాబట్టి −ఐ.

మీ ఫోన్‌కి వచ్చే 4జీ సిగ్నల్ కూడా ఇదే భాషలో ఉంటుంది. ఒకదానికొకటి 90 డిగ్రీలు జరిగిన రెండు తరంగాల మీద డేటా వస్తుంది. ఇంజనీర్లు ఒకదాన్ని వాస్తవ భాగంగా, రెండోదాన్ని కల్పిత భాగంగా రాసుకుంటారు. "కల్పితం" అని పేరు పడిపోయింది గానీ, ఈ వీడియో మీ దాకా వచ్చింది ఆ లెక్కల మీదే.

వెళ్లేముందు ఒకటి ఇస్తాను. −1 కి రూట్ దొరికింది, మరి ఐ కి రూట్ ఉందా? ఇంకో కొత్త నంబర్ కనిపెట్టాలా? అక్కర్లేదు. 90 లో సగం 45 కదా. (1 + ఐ) ని స్క్వేర్ చేసి చూడండి, 2ఐ వస్తుంది. ఆ 2 ని ఎలా వదిలించుకోవాలో మీరే ఆలోచించండి.