ట్రాముకైనా బస్సుకైనా దారి కావాలి

కలకత్తా ట్రాము 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకు మారి, ఒకప్పుడు నగరం నాలుగు చెరగులా తిరిగింది. ఎస్ప్లనేడ్–మైదాన్ మధ్య చిన్న మార్గాన్ని మాత్రం వారసత్వంగా ఉంచి, మిగతాదంతా ఆపేస్తామని 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది. ట్రాము నెమ్మదిగా పోతోంది, ట్రాఫిక్‌కు అడ్డొస్తోంది అన్నది ప్రధాన ఫిర్యాదు. ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా అడగాలి కదా. కలకత్తాలో చాలా చోట్ల ట్రాము పట్టాలు రోడ్డు మధ్య గడ్డి పెరిగిన ప్రత్యేక స్థలంలో ఉండేవి. కార్లు అందులోకి వచ్చే వీలుండేది కాదు. 2000 తర్వాతి దశాబ్దంలో ఆ స్థలాన్ని చాలావరకు కాంక్రీటుతో చదును చేసి అన్ని వాహనాలకూ వదిలారు. అప్పటిదాకా తన దారిన తాను పోయిన ట్రాము అక్కణ్ణుంచి కార్ల వెనక నిలబడాల్సి వచ్చింది.

ట్రాము మేలా, బస్సు మేలా అనే చర్చ ఎప్పుడూ బండి చుట్టూనే తిరుగుతుంది. బండి వరకే చూస్తే ట్రాముదే పైచేయి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లుతుంది కాబట్టి రాపిడి తక్కువ, శక్తి ఆదా. కరెంటు పైనున్న తీగ నుంచి నేరుగా అందుతుంది కాబట్టి బరువైన బ్యాటరీ మొయ్యక్కర్లేదు. కొత్తరకం పొడవాటి ట్రాములో ఒక్క డ్రైవరుతో రెండు వందల మంది దాకా వెళ్ళవచ్చు. మామూలు సిటీ బస్సులో డెబ్బై ఎనభై మంది ఎక్కేసరికే ఊపిరాడదు. ట్రాము ముప్పై ఏళ్ళయినా నడుస్తుంది, బస్సు అందులో సగం కాలం కూడా మన్నదు. ట్రాములో కుదుపులూ తక్కువే. ముసలివాళ్ళకూ గర్భిణులకూ ఇది చిన్న విషయమేమీ కాదు. ఇన్ని సుగుణాలున్నా, పట్టాల మీద ఒక్క కారు అడ్డంగా ఆగిందంటే వెనకున్న ట్రాములన్నీ నిలిచిపోతాయి. బస్సయితే పక్కనుంచి తప్పించుకుని పోతుంది. కార్లతో దారి పంచుకోవాల్సి వస్తే ట్రాము బస్సు కంటే అధ్వాన్నమవుతుంది, సొంత దారి దొరికితే బస్సును మించిపోతుంది.

కెనడాలోని టొరంటోలో ఇది స్పష్టంగా తేలింది. అక్కడ కింగ్ వీధి ట్రాముల్లో రోజుకు సుమారు 72,000 ప్రయాణాలు జరిగేవి. అదే వీధిలో తిరిగే ఇతర వాహనాలు 20,000 దాకా ఉండేవి. అయినా వీధి కార్లదే అన్నట్టు ఉండేది. 2017 నవంబరులో నగరపాలక సంస్థ నగరం నడిబొడ్డున సుమారు 2.6 కిలోమీటర్ల మేర ఒక నియమం పెట్టింది. కార్లు వీధిలోకి రావచ్చు, కానీ తిన్నగా సాగిపోకుండా చాలా కూడళ్ళలో కుడివైపు తిరిగి వెళ్ళిపోవాలి. కొత్త పట్టాలు వెయ్యలేదు, వీధిని వెడల్పు చెయ్యలేదు. ట్రాము ప్రయాణాలు రోజుకు 84,000కు చేరాయి. గిరాకీ పోతుందని రెస్టారెంట్ల యజమానులు గట్టిగా వ్యతిరేకించారు. బతుకుతెరువు గురించిన భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. నగరపాలక సంస్థ కూడా తీసిపారెయ్యలేదు, కార్డు చెల్లింపుల లెక్కలు తెప్పించి చూసింది. ఆ ప్రాంతంలో మొత్తం కొనుగోళ్ళు కాస్త పెరిగాయే గాని తగ్గలేదు. 2019 ఏప్రిల్‌లో ఆ ఏర్పాటును శాశ్వతం చేశారు.

బస్సుకూ ఇదే లెక్క. బ్రెజిల్‌లోని కురిటిబా 1974లోనే బస్సులకు విడి దారులు ఇచ్చింది. కొలంబియా రాజధాని బొగొటాలో 2000 చివర్లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో బస్సులు ఒక దిశలో గంటకు 40,000 మందికి పైగా చేరవేశాయి. చాలా నగరాల ట్రాములు ఆ దరిదాపులకు రావు. పట్టాలు వేస్తే శాశ్వతంగా ఉంటాయని జనం నమ్ముతారు, ఆ నమ్మకంతో చుట్టుపక్కల ఇళ్ళూ దుకాణాలూ వెలుస్తాయి, అందుకే ట్రామే కావాలని కొందరంటారు. కొంత నిజమే. కానీ 1895లో విద్యుత్ ట్రాములు మొదలైన మద్రాసులో 1953కల్లా అవి ఆగిపోయాయి. కలకత్తా సంగతి చూశాం. పైగా ఆ శాశ్వతత్వం ఖరీదైంది. ఎడిన్‌బరోలో రోడ్డు కింది పైపులూ కేబుళ్ళూ తరలించడానికే ఏళ్ళు పట్టింది. 2014లో మొదలైన ఆ 14 కిలోమీటర్ల లైనుకు 77.6 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. అలాగని బస్సు ఎంత రద్దీనైనా తట్టుకోదు. బొగొటా స్టేషన్లు కిక్కిరిసి, జనం ఆందోళనలకు దిగారు. ఇప్పుడు అక్కడ మెట్రో కడుతున్నారు. కాబట్టి ముందు బస్సుకు దారి ఇవ్వడమే సరైన క్రమమని నా అభిప్రాయం. ఆ దారిలో బస్సు వెనక బస్సు నిలబడే రోజొస్తే, అప్పుడు అక్కడే పట్టాలు వేసుకోవచ్చు.

అసలే రోడ్లు ఇరుకు, ఉన్నదాంట్లో ఒక లేను తీసేస్తే మిగతావాళ్ళ గతేమిటన్నది గట్టి అభ్యంతరం. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్–మూల్‌చంద్ మధ్య 5.8 కిలోమీటర్ల బస్సు దారి తెరిచినప్పుడు కార్లవాళ్ళు ఇదే అన్నారు. దానిపై వేసిన పిటిషన్‌ను 2012లో హైకోర్టు కొట్టేసింది. అయినా 2016లో ఆ దారిని తొలగించారు. లోపాలు ఉన్నమాట నిజం. సిగ్నళ్ళ దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చేది, రోడ్డు మధ్యనున్న స్టాపును చేరుకోవడం ప్రమాదంగా ఉండేది. అవి సరిదిద్దుకోగల లోపాలే. అహ్మదాబాద్‌లో 2009 నుంచి ఇలాంటి బస్సులు నడుస్తూనే ఉన్నాయి. ఇక న్యాయం మాటకొస్తే, ఇద్దరున్న కారూ అరవైమంది ఉన్న బస్సూ ఒకే సిగ్నల్ దగ్గర సమానంగా ఆగడం ఎవరికి న్యాయమో చెప్పాలి.

విజయవాడలో సత్యనారాయణపురం మీదుగా పాత రైలు మార్గం స్థలంలో వేసిన దారిని ఊరంతా బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) రోడ్డు అనే అంటుంది, ఆ పేరులోని బస్సు వ్యవస్థ మాత్రం నిలదొక్కుకోలేదు. విశాఖలో పెందుర్తి, సింహాచలం దారుల్లోనూ బస్సుల కోసం విడిగా లేన్లు కట్టారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు నిండిపోతున్నాయి. పనికి సమయానికి చేరాల్సిన ఆ ఆడవాళ్ళు అదే ట్రాఫిక్‌లో నిలబడుతున్నారు. వేల కోట్ల మెట్రో ప్రతిపాదనలు తేలేలోపు, విజయవాడ, విశాఖల్లో ఆ లేన్లను కనీసం ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో బస్సులకే కేటాయించి, ఐదారు నిమిషాలకొక బస్సు నడిపి చూడవచ్చు.