మా భూమి: ఒక తొలి చిత్రము

యాదాద్రి భువనగిరి జిల్లాలో మోత్కూరునకు చేరువగా పాలడుగు అను పల్లె కలదు. 2016వ సంవత్సరమునకు పూర్వము ఈ ప్రాంతమంతయు నల్లగొండ జిల్లాలోనిది. ప్రజాకవి హనుమంతు జన్మించినది ఈ పాలడుగులోనే. పిమ్మట ఆయన సమీపమునగల సుద్దాలలో స్థిరపడుటచేత ఆ ఊరిపేరే ఆయన పేరునకు ముందు నిలిచి, లోకము ఆయనను సుద్దాల హనుమంతు అని పిలిచినది. ఆంధ్ర మహాసభ కార్యకర్తయై ఆయన గొల్లసుద్దులు, బుర్రకథ వంటి పల్లె కళారూపములలో వెట్టిచాకిరిని గూర్చి ఊరూర వినిపించెను. ఆయన కట్టిన పాటలలో, పశువులను కాయు జీతగాడైన ఒక పసివానిని గూర్చినది మిక్కిలి ప్రసిద్ధము.

1980లో ఆ పాట వెండితెర నెక్కినది. ఆ చిత్రము పేరు 'మా భూమి'. దర్శకుడు గౌతమ్ ఘోష్. ఆయన బెంగాలీ, తెలుగు ఆయన మాతృభాష కాదు, కథాచిత్రమునకు దర్శకత్వము వహించుట ఆయనకు అదియే మొదటిసారి. తరువాతి కాలమున ఆయన భారతీయ చలనచిత్ర దర్శకులలో పేరెన్నిక గన్నవాడయ్యెను. అట్టివాని తొలి చిత్రము మన తెలంగాణపు మట్టిలో, మన భాషలో రూపొందుట విశేషమే. అంతకంటె విశేషమేమనగా, ఆ చిత్రము ఎంత గొప్పదో అంత లోపములు గలది కూడ.

చిత్రమును నిర్మించినవారు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. నర్సింగరావు చిత్రకారుడు, సినిమా నిర్మాణము ఆయనకు క్రొత్త. ఘోష్ అంతకు ముందు బెంగాలులోని కరవును గూర్చి 'హంగ్రీ ఆటమ్' అను డాక్యుమెంటరీ తీసియుండెను. రామయ్య పాత్ర ధరించిన సాయిచంద్‌కు కూడ అదియే మొదటి చిత్రము. గద్దర్ తెరపై కనబడి, పోరాటకాలమున బండి యాదగిరి కట్టిన పాటను పాడినది ఇందులోనే. కథకు ఆధారము కృష్ణచందర్ ఉర్దూలో రచించిన 'జబ్ ఖేత్ జాగే' అను నవల. (1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన నాటకమునకు కూడ 'మా భూమి' అనియే పేరు, ఆ కథ వేరు.)

వెట్టి యనగా కూలి లేని నిర్బంధపు చాకిరి. కుమ్మరి కుండలను, చెప్పులు కుట్టువాడు చెప్పులను వెల లేకయే దొరకు సమర్పింపవలెను. చాకలి, మంగలి పిలిచిన క్షణమున పోవలెను. రైతు తన చేను ఎండుచుండగా విడిచి దొర పొలమున నాగలి పట్టవలెను. ఊరి నడుమ కోటవలె నిలిచిన దొర భవనమునకు గడి యని పేరు. రామయ్య ఇట్టి ఊరిలో పుట్టిన పేదరైతు కొడుకు. అతడు చంద్రి యను యువతిని ప్రేమించును. దొర కన్ను ఆమెపై పడును. ఆమె గడికి పోక తప్పదు. మనసు విరిగిన రామయ్య పట్టణము చేరి రిక్షా లాగును. కార్ఖానాలో పనిచేసి, కార్మికసంఘపు పరిచయముతో క్రొత్త ఆలోచనలు నేర్చి, ఊరికి మరలి వచ్చును. పిమ్మట సాయుధ పోరాటము. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాము పాలన ముగియును. పారిపోయిన దొరలు తిరిగి వచ్చెదరు. రైతులు దున్నుకొనుచున్న భూమి మరల చేజారు స్థితి ఏర్పడును, పోరాటము సాగును.

ఈ కథను ఒక్క ఆటలో ఇముడ్చుట సామాన్యము కాదు. చిత్రములోని మొదటి లోపము ఇక్కడనే పుట్టినది. బాల్యము, ప్రేమ, గడి, పట్టణము, కార్ఖానా, సంఘము, పోరాటము, సైన్యము — ఇవి ఒకదాని వెనుక ఒకటి తొందరగా వచ్చి పోవును. పట్టణములో రామయ్య మనసు మారిన తీరు పెద్ద విషయము. దానికి దొరకిన సమయము స్వల్పము. ప్రథమ భాగమున మనము ఒక మనిషి వెంట నడచుచుందుము. ద్వితీయ భాగమున చరిత్ర ముందుకు వచ్చి, ఆ మనిషి గుంపులో ఒకడగును. చరిత్రలో అట్లే జరుగునని వాదింపవచ్చును. కాని ప్రేక్షకుడు చేయి పట్టుకొని నడచిన మనిషి చేయి జారినట్లగును.

చంద్రి విషయము ఇంకను చింతింపదగినది. ఆమె గడికి పోయినందుకు రామయ్య పడిన బాధ మనకు తెలియును. ఆమె పడిన బాధ? గడి గోడల లోపల ఆమె దినములు ఎట్లు గడచెనో, ఎవరితో మాటలాడెనో, తన్ను దూషించిన రామయ్యను గూర్చి ఏమి తలచెనో చెప్పుటకు చిత్రమునకు తీరిక లేదు. కథకు ఆమె ఒక కారణము మాత్రమే.

ఈ లోపములు అశ్రద్ధవలన వచ్చినవి కావు. మితిమీరిన శ్రద్ధవలన వచ్చినవి. తెలంగాణ రైతుల కథ పోరాటము ముగిసి ముప్పది యేండ్లు గావచ్చుచున్నను తెరపై సమగ్రముగా చెప్పబడలేదు. చెప్పుటకు పూనుకొన్నవారికి ఏది విడువవలెనో తోచదు. క్రొత్తగా విత్తుట నేర్చినవాడు గింజలు వత్తుగా చల్లును. మొలక పచ్చగనే కనబడును, కంకి సన్నబడును. తొలి కావ్యము వ్రాయు కవియు, తొలి బొమ్మ గీయు చిత్రకారుడును ఈ పొరపాటు చేయుచునే యుందురు.

ఆశ్చర్యకరమైన సంగతి యొకటి కలదు. ఈ లోపమునకు దిద్దుబాటు చిత్రములోనే యున్నది. అది హనుమంతు పాట. అందులో నిజాము లేడు, సైన్యము లేదు, తేదీలు లేవు. ఉన్నది ఒక పిల్లవాడు. ఒంటికి చాలని చింకి అంగీ, నెత్తిపై గోనె, కాళ్లకు తాటిమట్టల జోడు. నెల జీతము కొలిచిన గింజలలో తాలు కలిసియున్నది. ఇంతమాత్రము చూపి కవి వెట్టి వ్యవస్థను మొత్తము మన కన్నుల యెదుట నిలిపెను. చిత్రము గంటల తరబడి శ్రమించి సాధింపజూచిన దానిని ఆ పాట కొలది నిమిషములలో సాధించినది. సుద్దులు చెప్పి ఊరివారిని కూర్చుండబెట్టిన అనుభవము ఆ కవికి ఉండెను. విన్నవారు లేచిపోకుండ నిలుపవలెనన్న, ఎరిగిన ముఖము నొకదానిని చూపవలెనని ఆయనకు తెలియును.

అట్లైనచో ఘోష్, నర్సింగరావులు చేయి తిరిగిన పిమ్మటనే ఈ కథను చేపట్టియుండరాదా? హనుమంతు 1982 అక్టోబరు 10వ తేదీన మరణించెను. 'మా భూమి' ప్రదర్శనకు వచ్చినది 1980 మార్చి 23న. మధ్య కాలము రెండున్నర యేండ్లు. వెట్టి చేసిన చేతులు, పోరాటములో నడచిన కాళ్లు, ఆనాటి మాటతీరు, ఇవన్నియు ఒక తరముతో పోవునవి. నేర్పు వచ్చువరకు ఆగినచో నేర్పు మిగులును, మనుష్యులు మిగులరు. లోపములతోనే చిత్రము బయటికి వచ్చినది. హైదరాబాదులో ఉదయపు ఆటగా నెలల తరబడి నడచినది.

తరువాత ఆ ఇరువురును తీసిన చిత్రములను వరుసగా చూచినచో ఒక మార్పు కానవచ్చును. ఘోష్ బెంగాలీలో తీసిన 'దఖల్' మరుసటి సంవత్సరమే, 1981లో, వచ్చినది. ఇందులోను కథ భూమిని గూర్చినదే, భూస్వామిని గూర్చినదే. అయినను ఇచ్చట జనసంద్రము లేదు. ఒక్క విధవ, ఆమె చిన్న చెక్క నేల. ఆండీ యను ఆ స్త్రీ ఆంధ్రదేశమునుండి వలసపోయిన కాకులవేటగాండ్ర సంచారజాతిలో పుట్టినది. ఆమె వివాహమే చెల్లదని రుజువు చేయించి నేల లాగికొనుటకు భూస్వామి యత్నించును. ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా దానికి జాతీయ స్వర్ణకమలము లభించినది. 1984లో వచ్చిన 'పార్' చిత్రములో పరిధి ఇంకను తగ్గినది. బీహారు పల్లెలో దౌర్జన్యమునకు గురియై కలకత్తాకు పారిపోయిన కూలి దంపతులు తిరుగు ప్రయాణపు డబ్బుకొరకు ఒక పందుల మందను నదికి అడ్డముగా ఈదించుటకు ఒప్పుకొందురు. భార్య గర్భిణి. ఆ నదిని వారు దాటుటను మనము ఊపిరి బిగబట్టి చూతుము. ఆ చిత్రమున నటించినందుకు నసీరుద్దీన్ షా వెనిస్ చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా బహుమతి నందెను.

నర్సింగరావు 1983లో 'రంగుల కల'తో తానే దర్శకుడయ్యెను. చిత్రకారుని పాత్రను కూడ తానే ధరించెను. 1988లో 'దాసి' తీసెను. ఉద్యమము లేదు, తుపాకి లేదు, రెండు దశాబ్దముల చరిత్ర లేదు. 1920 ప్రాంతపు ఒక గడి. అందులో కమలాక్షి యను ఒక దాసి. తెల్లవారక ముందే లేచి ఊడ్చుట, నీరు తోడుట, దొర కాళ్లు కడుగుట, పిలిచినపుడు పోవుట. మాటలు మిక్కిలి తక్కువ. గర్భము ధరించిన ఆమెకు ఆ బిడ్డను ఉంచుకొను హక్కు కూడ లేదని తెలియుటతో మనకు అంతయు తెలియును. ఈ చిత్రమునకు అయిదు జాతీయ పురస్కారములు వచ్చినవి. కమలాక్షి పాత్ర ధరించిన అర్చన ఉత్తమ నటి యయ్యెను. 'మా భూమి' చంద్రిని గడి వాకిటనే విడిచిపెట్టినది. ఎనిమిదేండ్ల పిమ్మట నర్సింగరావు ఆ వాకిలి దాటి లోపలికి పోయెను.

అయినను 'దాసి' ముందు 'మా భూమి' చిన్నబోదు. 'దాసి'లో ఒంటరితనమున్నది, 'మా భూమి'లో గుంపు ఉన్నది. కంబళి భుజాన వైచుకొని గద్దర్ ఆడుచు పాడుచు వచ్చునప్పుడు అతుకులు, తొందర, మధ్యలో జారిన పాత్రలు ఏవియు గుర్తుకు రావు. బండి యాదగిరి పాట, పాలడుగులో పుట్టిన హనుమంతు పాట, పోరాటమును చూడని తరమువారి నోట నిలిచినది ఆ తెర మీదుగనే.