డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికారా? ఫోన్‌లో చలానా కడితే పోదు.. మీ కేసు ఏ కోర్టులో ఉందో ఇలా చూసుకోండి

శనివారం రాత్రి తిరుపతిలో పోలీసులు బండి ఆపి బ్రీత్ అనలైజర్‌లో ఊదించారు. రీడింగ్ పరిమితి దాటింది. ఇచ్చిన కాగితంపై సంతకం పెట్టి ఇంటికొచ్చేశారు. వారం తర్వాత ఈ-చలానా సైట్‌లో చూస్తే కట్టాల్సిందేమీ లేదు. 'వదిలేశారేమో' అనుకున్నారు. ఏడాది తర్వాత పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే, మీ పేరు మీద కేసు పెండింగ్‌లో ఉందని పోలీసులు చెప్పారు.

ఇలాంటి పరిస్థితి ఎవరికైనా రావచ్చు. హెల్మెట్ చలానాకు, డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుకు తేడా తెలియకపోవడమే దీనికి కారణం.

చలానాకు, దీనికి తేడా ఏంటి?

హెల్మెట్ లేకపోవడం, అతివేగం వంటి చాలా ఉల్లంఘనలకు మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద అక్కడికక్కడే డబ్బు కట్టి బయటపడొచ్చు. మద్యం తాగి నడపడం ఆ జాబితాలో లేదు. ఇది 185వ సెక్షన్ కిందకు వచ్చే నేరం. మేజిస్ట్రేట్ కోర్టులోనే తేలాలి. స్టేషన్‌లో ఎవరికో డబ్బిచ్చి 'క్లోజ్' చేయించుకునే వీలు లేదు.

100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న శిక్షలు ఇవీ:

* మొదటిసారి: 6 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ
* మళ్లీ దొరికితే: 2 ఏళ్ల వరకు జైలు, లేదా రూ.15,000 జరిమానా, లేదా రెండూ
* నేరం రుజువైతే 20వ సెక్షన్ ప్రకారం కనీసం 6 నెలలు డ్రైవింగ్‌కు అనర్హత

చాలామంది పట్టించుకోనిది ఈ మూడోదే. జరిమానా కట్టేసి మర్నాడే బండి తీస్తారు. అనర్హత కాలంలో నడుపుతూ దొరికితే అది 182వ సెక్షన్ కింద మరో నేరం. దానికి 3 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఊదనంటే తప్పించుకోవచ్చా?

లేదు. సరైన కారణం లేకుండా పరీక్షకు నిరాకరిస్తే, ఆ విషయాన్నే ప్రాసిక్యూషన్ మీకు వ్యతిరేకంగా కోర్టు ముందు పెట్టొచ్చు. 185 కింద వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉంది. అయితే అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష చేయించాలి. చేయించకపోతే వదిలేయాలి.

ఏ కోర్టుకు వెళ్లాలి?

మీ ఇల్లు ఎక్కడన్నది కాదు, ఎక్కడ పట్టుబడ్డారన్నదే లెక్క. తిరుపతిలో పట్టుబడితే తిరుపతి కోర్టు, పుత్తూరులో అయితే పుత్తూరు, కుప్పంలో అయితే కుప్పం. చెన్నై నుంచో వేలూరు నుంచో వచ్చి ఇక్కడ దొరికినా ఇక్కడి కోర్టుకే రావాలి.

పోలీసులు ఛార్జిషీటు వేశాక మీకు సమన్లు వస్తాయి, లేదా ముందే తేదీ చెబుతారు. ఆ రోజు మేజిస్ట్రేట్ అభియోగం చదివి వినిపించి, తప్పు ఒప్పుకొంటారా అని అడుగుతారు. ఒప్పుకొంటే సాధారణంగా అదే రోజు తీర్పు వస్తుంది. ఒప్పుకోకపోతే విచారణ జరుగుతుంది. పరీక్ష చేసిన అధికారి సాక్ష్యం, మెషీన్ ఇచ్చిన ప్రింటు చూస్తారు. ఒప్పుకోవడమంటే శిక్షకు సిద్ధపడటమే. కాబట్టి ముందే లాయర్‌తో మాట్లాడటం మంచిది. స్తోమత లేనివారు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు.

వాయిదాకు వెళ్లకపోతే కేసు మూలన పడిపోదు. కోర్టు వారెంటు జారీ చేయొచ్చు. అది నాన్ బెయిలబుల్ వారెంటు దాకా వెళ్తే పోలీసులు ఇంటికే వస్తారు.

ఫోన్‌లో కేసు వెతకడం ఎలా?

1. 'ఈ-కోర్ట్స్ సర్వీసెస్' యాప్ గానీ వెబ్‌సైట్ గానీ తెరవండి.
2. 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబర్ మీ దగ్గర ఉంటే నేరుగా అది కొట్టండి.
3. లేకపోతే రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినా, కోర్టుల జాబితాలో ఆ పేరు కనిపించకపోతే 'చిత్తూరు' కింద చూడండి. గూడూరు, సూళ్లూరుపేట వైపు కేసులైతే 'నెల్లూరు' కింద వెతకండి.
4. పార్టీ పేరు, సంవత్సరం ఇవ్వండి. 'పెండింగ్', 'డిస్పోజ్డ్' రెండూ చూడండి. పేరు ఇంగ్లిష్‌లో ఎలా రాశారో తెలియదు కాబట్టి రెండు మూడు రకాల స్పెల్లింగ్‌లతో ప్రయత్నించండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి.

కేసు నంబర్ ముందు 'ఎస్టీసీ' అని ఉంటే సమ్మరీ ట్రయల్ కేసు, 'సీసీ' అంటే క్యాలెండర్ కేసు. తర్వాతి వాయిదా తేదీ కూడా అక్కడే ఉంటుంది. ఏమీ దొరకకపోతే కేసు లేదని అనుకోవద్దు. ఇంకా కోర్టులో దాఖలు కాకపోయి ఉండొచ్చు. బండి ఆపిన స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి.

లైసెన్సు పరిస్థితి వేరేగా చూసుకోవాలి. పరివాహన్ సైట్‌లో లైసెన్సు నంబర్, పుట్టిన తేదీ ఇస్తే అది చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది.

వేరేవాళ్ల రికార్డు చూడొచ్చా?

పేరు కొడితే ఒక మనిషి డ్రైవింగ్ చరిత్రంతా చూపించే పబ్లిక్ వెబ్‌సైట్ మన దగ్గర లేదు. ఈ-కోర్ట్స్‌లో కేసు వివరాలు ఎవరైనా చూడొచ్చు. కానీ ఒకే పేరుతో పదిమంది ఉంటారు. డ్రైవర్‌ను పనిలో పెట్టుకునేవారైనా, పెళ్లి సంబంధం చూసేవారైనా పేరు కలిసిందని నిర్ణయానికి రావద్దు. సర్టిఫైడ్ కాపీ కావాలంటే కోర్టులో దరఖాస్తు చేయాలి. కేసుతో సంబంధం లేనివారు ఎందుకు కావాలో చెప్పి కోర్టు అనుమతి పొందాలి.

కేసు ముగిశాక ఏం దాచుకోవాలి?

జరిమానా రసీదు, తీర్పు సర్టిఫైడ్ కాపీ. ఈ రెండూ పారేయొద్దు. పాస్‌పోర్టు దరఖాస్తులో పెండింగ్ క్రిమినల్ కేసుల గురించి అడుగుతారు. కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి అవసరమవుతుంది. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. జరిమానాతో పోయిన కేసే కదా అని 'లేదు' అని రాస్తే, అసలు కేసు కంటే ఆ అబద్ధమే ఎక్కువ నష్టం చేస్తుంది.

గతంలో ఎప్పుడైనా ఇలా దొరికి, కోర్టుకు వెళ్లినట్టు గుర్తు లేకపోతే ఈరోజే ఒకసారి మీ పేరు వెతకండి. వారెంటు వచ్చాక పరుగెత్తడం కంటే, ఒక పూట సెలవు పెట్టి కోర్టుకు వెళ్లి రావడం మేలు.