బిళ్లలో ఉన్నది క్లోరిన్ ఒక్కటే కాదు!

ఒకప్పుడు హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పింది వ్యవసాయ బావులే. నడుముకు బెండ్లు కట్టుకుని గట్టు మీంచి దూకడమే! బోర్లు పెరిగాక ఆ బావులు చాలావరకు ఎండిపోయాయి. ఇప్పుడు ఈత అంటే నీలం టైల్స్ పరిచిన స్విమ్మింగ్‌పూల్. బావిలో నీళ్లు ఊరతాయి. పూల్‌లో ఊరవు. పోసిన నీళ్లనే శుభ్రం చేసి మళ్లీ మళ్లీ వాడుకోవాలి. అందుకే క్లోరిన్. అయితే డబ్బాల్లో క్లోరిన్‌తో పాటు ఇంకేముందో చూసేవాళ్లు తక్కువ.

ఎండకో గొడుగు

నీళ్లలో కలిసిన క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది. కానీ దానికి ఎండ పడదు. నేరుగా ఎండ తగిలితే గంట లోపే సగం హరించుకుపోతుంది. రాయలసీమ వేసవిలో పొద్దున వేసిన మందు మధ్యాహ్నానికి మిగలదన్నమాట. అందుకే పూల్ బిళ్లల్లో క్లోరిన్‌ను సయన్యూరిక్ ఆమ్లంతో జతచేస్తారు. వీటినే ట్రైక్లోర్ బిళ్లలంటారు. ఆ ఆమ్లం క్లోరిన్‌కు గొడుగులా పనిచేస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, క్లోరిన్ ఖర్చయిపోతుంది కానీ గొడుగు మిగిలిపోతుంది. నీళ్లు ఆవిరైనా అది పోదు. లెక్క చూడండి. 50 వేల లీటర్ల పూల్‌కు రోజూ 100 గ్రాముల క్లోరిన్ కావాలంటే 110 గ్రాముల ట్రైక్లోర్ వేయాలి. దాంతో పాటే 60 గ్రాముల ఆమ్లం చేరుతుంది. అంటే లీటరుకు 1.2 మిల్లీగ్రాములు. నెలకు 36, మూడు నెలల వేసవికి వంద పైనే! సాధారణంగా 30 నుంచి 50 దాకా ఉంటే చాలంటారు. అంతకు మించితే ఆమ్లం క్లోరిన్‌ను పట్టి ఉంచుతుంది. పరీక్షలో క్లోరిన్ కనిపిస్తుంది, క్రిములు మాత్రం త్వరగా చావవు. కొంత నీరు పారబోసి కొత్త నీరు పోయడమే తేలికైన విరుగుడు. ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన వేసవులు గుర్తున్న ఊళ్లో ఆ మాటే ఎంత బరువో!

బ్లీచింగ్ పౌడర్ అయితే?

1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ పేటెంట్ తీసుకున్న పొడి ఇది. సున్నానికి క్లోరిన్ పట్టిస్తే తయారవుతుంది. ఇందులో ఆమ్లం లేదు, కానీ కాల్షియం ఉంది. మన బోరు నీళ్లు అసలే ఉప్పన, కఠినం. దానికి ఇది తోడైతే టైల్స్ మీద, పైపుల్లో తెల్లటి పెళుసు పేరుకుంటుంది. పీహెచ్ పెరిగి క్లోరిన్ పదునూ తగ్గుతుంది.

కొన్ని బిళ్లల్లో పాచి పట్టకుండా మైలుతుత్తం కూడా కలుపుతారు. రైతులకు తెలిసిన మందే. ఇందులోని రాగి మోతాదు మించితే టైల్స్‌పై మరకలు పడతాయి. లేత రంగు జుట్టు పచ్చబడుతుంది.

కలిపితే ముప్పే

రెండూ మంచివే కదా అని బ్లీచింగ్ పౌడర్‌నూ బిళ్లల్నీ ఒకే బకెట్‌లో కలపకూడదు. మంటలు రావొచ్చు, పేలొచ్చు. ఒకే చెంచాతో తీయడమూ వద్దు. పెళుసు పోవడానికి వాడే యాసిడ్‌తో బ్లీచింగ్ కలిస్తే విషవాయువు వస్తుంది. ఇంట్లో బాత్‌రూమ్ కడిగేటప్పుడూ ఇదే సూత్రం. ఇంకో మాట... మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు.

మీరు అడగాల్సినవి

పూల్ దగ్గర ఘాటైన వాసన వస్తే 'క్లోరిన్ బాగా వేశారు' అనుకుంటాం. నిజానికి చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసి పుట్టే క్లోరమైన్ల వాసన అది. కళ్లు మండేదీ ఎక్కువగా వాటివల్లే. కాబట్టి పిల్లలకు స్నానం చేయించాకే నీళ్లలోకి దించండి. పూల్ వాళ్లని మూడు ప్రశ్నలు అడగండి: క్లోరిన్ ఎంత ఉంది? పీహెచ్ ఎంత? సయన్యూరిక్ ఆమ్లం ఎప్పుడు పరీక్షించారు? మొదటి రెండింటికి జవాబు చాలామంది చెబుతారు. మూడోదానికీ జవాబు దొరికితే, పిల్లల్ని నిశ్చింతగా దూకమనండి!