లింజ్ నగరపు ఆహ్వానము

యంత్రము గీసిన బొమ్మ కళ యగునా?

ఆస్ట్రియా దేశమున డాన్యూబు నదీతీరమందలి లింజ్ నగరములో 1979వ సంవత్సరమున ‘ఆర్స్ ఎలక్ట్రానికా’ అను ఎలక్ట్రానిక్ కళోత్సవము ఆరంభమయ్యెను. 1987లో దాని నిర్వాహకులు బహుమానముల నేర్పఱచి, కంప్యూటరుతో సృష్టించిన చిత్రములను, సంగీతమును, చలనచిత్రములను పంపవలసినదిగా నానాదేశముల కళాకారుల నాహ్వానించిరి.

ఆ యేడు చలనచిత్రములలో ప్రథమ బహుమానము అమెరికా దేశీయుడగు జాన్ లాసెటర్ కృతియైన ‘లక్సో జూనియర్’కు లభించెను. దాని నిడివి సుమారు రెండు నిమిషములు. పాత్రలు రెండు మేజాదీపములు. చిన్న దీపము గంతులు వేయగా బంతి గాలి పోవును. దీపము సిగ్గుతో తల వాల్చును. కన్నులు, నోరు లేకున్నను తప్పు చేసిన పసివాడే మన కగపడును.

బాలలారా! గీతలు యంత్రమువి, ఆ సిగ్గు నెఱిగి చూపినది మానవ హృదయము. నేటికిని ఏటేట వెలువడు లింజ్ ఆహ్వానము కోరునది అట్టి హృదయమునే.