బెణికిన కాలికి అలుపొస్తే…

ఖో-ఖోలో కాలు బెణికితే మనమేం చేస్తాం? పసుపూ సున్నం పట్టేసి, వాపు తగ్గగానే “ఏం కాదులే” అని మళ్లీ ఆటకు దిగుతాం. సరిగ్గా ఆట చివర్లో అదే కాలు మళ్లీ మడత పడుతుంది. ఎందుకు?

చీలమండ దగ్గర ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు పాదం ఎటు వంగుతోందో మెదడుకు కబురు కూడా పంపుతాయి. బెణికినప్పుడు అవి సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. వాపు పోయినా ఆ కబురు మందగించే ఉండొచ్చు. అప్పుడు పాదాన్ని ఆపాల్సింది పిక్క బయటివైపు కండరాలే. అలసిపోతే అవీ ఆలస్యం చేస్తాయి. కబురూ ఆలస్యం, కండరమూ ఆలస్యం. ఇంక కాలు నిలిచేదెట్లా?

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు ఎడమ చీలమండ నొప్పితోనే స్వర్ణం గెలిచారు. తర్వాత తేలింది, ఎముకలో సన్నని పగులని. ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుని, 2023 జనవరిలో తిరిగొచ్చారు. అది బెణుకు కాదు గానీ, అంత పెద్ద క్రీడాకారిణే ఆగినప్పుడు మనకెందుకంత తొందర?

నొప్పి పూర్తిగా తగ్గాక గోడ పక్కన ఒంటికాలిమీద నిలబడి 30 లెక్కపెట్టండి. ముందు మంచి కాలు, తర్వాత బెణికిన కాలు. ఆడి అలసిపోయాక మళ్లీ చూడండి, తేడా మీకే తెలుస్తుంది. రోజూ చేస్తే కాలికి నిలకడ వస్తుంది. అడుగు మోపలేనంత నొప్పుంటే మాత్రం డాక్టరు దగ్గరికే పోవాలి.

నందికొండ మెట్లు ఎక్కడం కాదమ్మా, అలసిన కాళ్లతో దిగడమే కష్టం!